రేగడి మీద ఎగరని బంతి

బాస్కెట్‌బాల్ బంతిలో గాలి సరిగ్గా నింపారా లేదా అని చూడడానికి చాలాకాలం ఒక లెక్క వాడుకలో ఉండేది. బంతిని 1.8 మీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలితే 1.2 నుంచి 1.4 మీటర్ల దాకా పైకి లేవాలి. అదే బంతిని ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఏ పత్తిచేలోనో వదిలి చూడండి. తొలకరి పడ్డాక అయితే బంతి పడ్డచోటే కూర్చుంటుంది, దాన్ని ఊడబెరికి పైకి తీస్తే అరంగుళం మందాన జిగట మన్ను అంటుకొని వస్తుంది. దున్నిన చేలో అయితే మెత్తగా దిగబడుతుంది. నడి ఎండాకాలంలో నేల రాయిలా గట్టిపడిందే, ఇప్పుడైనా ఎగురుతుందేమో అనుకుంటే అప్పటికి నెర్రెలు విచ్చి ఉంటాయి. బంతి ఒక పెళ్ల అంచుకు తగిలి పక్కకు పోతుంది, లేదా మనిషి పాదం పట్టేంత నెర్రె మీద చతికిలబడుతుంది. నీళ్లు తాగితే ఉబ్బడం, ఎండితే ముడుచుకోవడం నల్లరేగడి గుణం. ఇంగ్లీషు భూగోళం పుస్తకాలు ఈ రకం నేలకు పెట్టుకున్న ‘రేగర్’ అనే పేరు మన రేగడి నుంచి పోయిందే. ఆదోనికి పత్తి సంతనూ, జిన్నింగ్ మిల్లులనూ, ‘రెండో బొంబాయి’ అన్న బిరుదునూ ఇచ్చిన నేల ఇదే. పడ్డ బంతిని తిరిగి చేతికి ఇవ్వడం ఒక్కటే దానికి చేతకాదు.

కర్నూలు జిల్లా పడమటి కొసన మగవాళ్ల జట్టూ ఆడవాళ్ల జట్టూ ఒకే పేరు కింద ఆడే బాస్కెట్‌బాల్ క్లబ్బు గురించి ఆలోచించేవాళ్లు ఈ మట్టి దగ్గరే మొదలుపెట్టాలని నా వాదన. క్లబ్బుల చరిత్రలు సాధారణంగా మనుషులతో మొదలవుతాయి. ఫలానా ఉత్సాహవంతుడు, ఫలానా పీడీ సారు, ఫలానా ఏడాది గెలిచిన కప్పు. మనుషుల్లో ఉత్సాహానికి ఏ ఊళ్లోనూ కరువు లేదు. గట్టి నేలకు కరువుంది. మిగతా ఆటలన్నీ నేల మీద నిలబడి ఆడేవి. ఇది మాత్రం నేలతో కలిసి ఆడే ఆట. ఆటగాడు బంతిని నేలకు అప్పగిస్తాడు, నేల తిరిగి ఇవ్వాలి, అదీ అడుగడుగునా, పరుగు ఆగకుండా. అందుకే బాస్కెట్‌బాల్ ఎక్కడ వేళ్లూనింది అన్న ప్రశ్నకు జవాబు గచ్చు ఎవరు పోయించారు, దాని గేటు తాళం ఎవరి దగ్గర ఉంది అన్న రెండు ప్రశ్నల్లో చాలామటుకు దొరుకుతుంది. మొదటి ప్రశ్న మగవాళ్ల జట్టు పుట్టుకను వివరిస్తుంది. రెండోది ఆడవాళ్ల జట్టు సంగతి చెబుతుంది.

ఆట పుట్టింది కూడా గచ్చు మీదే, అంటే చెక్కగచ్చు మీద. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ కళాశాల కుర్రాళ్లు మంచుకాలంలో బయటికి పోలేక, లోపల కసరత్తులు చేయలేక విసిగిపోయి ఉంటే జేమ్స్ నైస్మిత్ అనే అధ్యాపకుడు వ్యాయామశాల బాల్కనీ అంచుకు రెండు పీచ్ పళ్ల బుట్టలు కొట్టించాడు. ఇచ్చింది ఫుట్‌బాల్ బంతి, రాసింది 13 నియమాలు, ఆడింది వైపుకు తొమ్మిదిమంది. బుట్టను 10 అడుగుల ఎత్తున పెట్టారు, నేటికీ అదే ఎత్తు. ఆ కళాశాలలో చదివిన హ్యారీ క్రో బక్ 1919లో మన దేశం వచ్చి, 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు మన అథ్లెట్లను వెంటబెట్టుకొని వెళ్లింది కూడా ఆయనే. అంతకుముందు బడుల్లో డ్రిల్లు అంటే సైన్యం నుంచి దిగిపోయిన ఎవరో ఒకాయన పిల్లలను వరసలో నిలబెట్టి అటెన్షన్ చెప్పించడం. బక్ కళాశాల నుంచి వచ్చినవాళ్లు ఆ వరసలను చెదరగొట్టి పిల్లల చేతికి బంతి ఇచ్చారు. ఆదోని అప్పుడు మద్రాసు రాజధానిలో, బళ్లారి జిల్లాలో తాలూకా కేంద్రం. ఎమ్మిగనూరు ఆ తాలూకాలోనిదే. మద్రాసు నుంచి వచ్చే రైలుమార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది, ఆదోని ఆ దారిలోనే ఉంది. అంటే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టిన ఆట మద్రాసు చేరాక ఆదోనికి రావాలంటే రైలెక్కితే చాలు. దారి లేక రాలేదనో ఆలస్యమైందనో అనడానికి వీల్లేదు.

దారి సమస్య కాదనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం వాలీబాల్. అది బాస్కెట్‌బాల్‌కు సొంత చెల్లెలు. 1895లో, స్ప్రింగ్‌ఫీల్డ్‌కు కూతవేటు దూరంలోని హోల్యోక్‌లో, అదే వైఎంసీఏలో విలియం మోర్గాన్ దాన్ని తయారుచేశాడు. అదే సంస్థ, అదే తరహా పీడీలు, అదే మద్రాసు కళాశాల ద్వారా రెండూ మన బడుల్లోకి వచ్చాయి. ఒకే ఇంట్లో పుట్టి ఒకే బండిలో వచ్చిన ఇద్దరిలో ఒకరు ఊరూరా కాపురం పెడితే ఇంకొకరు బడి గోడ దాటలేదు. రాయలసీమ పల్లెల్లో సాయంత్రం పూట రెండు గుంజల మధ్య వల కనబడని ఊరు అరుదు. గుంజలు ఏ చెట్టువైనా సరే, వల చేపల వలైనా సరే, గీతలు సున్నంతోనో బూడిదతోనో గీసుకోవచ్చు. వర్షం పడితే రెండు రోజులు ఆపి, బురద ఆరాక మళ్లీ ఆడతారు. బంతి నేలను తాకితే ఆ పాయింటు అయిపోయినట్టే కనుక నేల ఎలా ఉంటే ఏమిటి? ఆట అంతా గాలిలోనే. కబడ్డీ, ఖోఖోలకు కాలు ఆనితే చాలు. ఉన్ని బంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్ కూడా గాలిలోని ఆటే, అదీ మన పల్లెల్లో బాగా నడిచింది. కుస్తీకైతే నేల మెత్తగా ఉండడమే కావాలి. గరిడీలో మట్టిని జల్లెడపట్టి మరీ మెత్తన చేస్తారు. మన నేల మీద బతికిన ఆటలను వరసగా పెట్టి చూస్తే వాటన్నిటిలో ఉన్న పోలిక ఒక్కటే: ఏదీ నేలను బంతి తిరిగి ఇమ్మని అడగదు.

ఇక్కడ క్రీడా చరిత్ర తెలిసినవాళ్లు రెండు అభ్యంతరాలు చెప్పవచ్చు. మొదటిది, నైస్మిత్ నియమాల్లో బంతిని కొట్టుకుంటూ పరుగెత్తడం అనేదే లేదు. పట్టుకున్న చోటు నుంచే విసరాలి. డ్రిబ్లింగ్ తర్వాతి ఆటగాళ్లు కనిపెట్టిన ఉపాయం, నియమాల్లోకి అది క్రమంగా వచ్చింది. కాబట్టి బంతి ఎగరడం ఆటకు ప్రాణం ఎలా అవుతుంది? నిజమే, కానీ బక్ మద్రాసులో కళాశాల పెట్టే నాటికి ఆ ఉపాయం ముదిరి ఆటకు వెన్నెముక అయింది. మన దగ్గరికి వచ్చింది ఎదిగిన ఆట, దాని పసితనం మనం చూడలేదు. రెండో అభ్యంతరం బరువైనది. మన దేశంలో తొలి తరాలు ఆడింది మట్టి కోర్టుల మీదే, గచ్చు కోర్టులు తర్వాత వచ్చినవి. పురుషుల జాతీయ పోటీలు 1934లో ఢిల్లీలో మొదలైనప్పుడు ఎవరూ అద్దంలాంటి చెక్కగచ్చు అడగలేదు. ఒప్పుకుంటాను. అయితే ఆ మట్టి కోర్టు ఎలా తయారవుతుందో దగ్గరగా చూడాలి. నల్లమన్ను అడుగుదాకా తవ్వి పారబోయాలి. ఆ గోతిలో గరుసు నింపి, తడిపి, దిమ్మిస కొట్టాలి. పైన ఎర్రమన్ను పరిచి రాతి రోలరు లాగించాలి. అది ఒకనాటి పని. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆటకు ముందు నీళ్లు చల్లాలి, వారానికోసారి రోలరు తిప్పాలి, వాన వెలిసిన ప్రతిసారీ గుంటలు పూడ్చాలి. నీళ్లు చల్లే మనిషికి నెల జీతం ఎవరిస్తారు? మట్టి కోర్టు గచ్చు కోర్టు కంటే చవక అనుకోవడం పొరపాటు. గచ్చుకు డబ్బు ఒక్కసారి పెడతాం, మట్టికి బతుకంతా పెడుతుంటాం. ఆదోని కొండల పాదాల దగ్గర గరుసు నేల ఉన్నమాట నిజమే, అక్కడ నల్లమన్ను తవ్వే ఖర్చు తప్పుతుంది కానీ నీళ్లు చల్లే మనిషి జీతం తప్పదు.

పోనీ గచ్చు పోస్తే సరిపోతుందా అంటే, రేగడి దాన్నీ వదలదు. ఈ ప్రాంతంలో ఇల్లు కట్టినవాళ్లను అడిగితే చెబుతారు, పునాది నల్లమన్ను దాటి గట్టి పొర దాకా దిగకపోతే మూడో ఏటికి గోడ మూలన బీట పడుతుంది. పైపైన గరుసు చల్లి సిమెంటు పోసిన కోర్టుకూ అదే గతి. వానకు కింద మన్ను ఉబ్బి గచ్చును ఒకవైపు ఎత్తుతుంది, ఎండకు ముడుచుకొని అదే గచ్చును గాలిలో వదిలేస్తుంది. ముందు వెంట్రుకవాసి గీత, మరుసటి ఏడు ఆ గీత వెంట గడ్డి, ఆ తర్వాత ఏడు రెండు పలకల మధ్య అరంగుళం ఎత్తు తేడా. ఫ్రీత్రో గీత మీదుగా అలాంటి బీట పోయిన కోర్టులో ఎడమచేతి వైపు డ్రిబుల్ చేస్తూ పోయే పిల్లవాడు బీట రాగానే తెలియకుండానే బంతిని కుడిచేతికి మారుస్తాడు. ఎదుటివాళ్లకు ఆ సంగతి తెలియదు కనుక సొంత కోర్టులో అదొక ఎత్తుగడ అవుతుంది, పరాయి ఊరి కోర్టులో చెడ్డ అలవాటు అవుతుంది.

క్రికెట్టే అన్నిటినీ మింగేసిందన్నది అందరి నోటా వినిపించే వివరణ. 1983 తర్వాత, టీవీలు వచ్చాక, ఆ మాటలో కొంత పస ఉంది. కానీ క్రికెట్ కూడా బంతి నేలకు తగిలి లేచే ఆటే కదా, దానికి రేగడి ఎందుకు అడ్డం కాలేదు? ఎందుకంటే క్రికెట్‌కు నేల కావలసింది ఒక్క పిచ్ మేరకే. 22 గజాల పొడవు, 10 అడుగుల వెడల్పు, అంటే దాదాపు 61 చదరపు మీటర్లు. దక్షిణాదిన ఎన్నో ఊళ్లలో ఆ పిచ్ మీద కొబ్బరిపీచు చాప పరిచి, మేకులు కొట్టి ఆడారు, ఆట అయ్యాక చుట్టి మూలన పడేశారు. మిగతా మైదానం రేగడైనా, పల్లేరుకాయలున్నా ఫీల్డరు ఖర్మ. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్లు, 15 మీటర్లు, మొత్తం 420 చదరపు మీటర్లు, పిచ్‌కు ఏడింతలు. అందులో ఏ మూలా మినహాయింపు లేదు. అంత నేలను చాపలా చుట్టి చంకన పెట్టుకోవడం ఎవరి తరం? పొట్టివాళ్ల దేశం కనుక ఈ ఆట రాలేదన్న మాట కూడా వినబడుతుంటుంది. పొడుగు వాలీబాల్‌లోనూ కావాలి, అది పల్లెపల్లెకూ వెళ్లింది. జిల్లా స్థాయిలో బుట్ట దాకా ఎగిరేవాడికంటే బంతి చేజార్చనివాడే ఎక్కువ ఆటలు గెలిపిస్తాడు.

మరి గచ్చు పోయించగల చేతులు ఈ రెండు పట్టణాల్లో ఏవి? ఆదోనిలో డబ్బు ఉండేది పత్తిలో. రైతు తెచ్చిన పత్తి నుంచి గింజ తీసి దూదిని బేళ్లు కట్టే జిన్నింగ్ మిల్లులు ఆ పట్టణానికి చిరునామా. కానీ జిన్నింగ్ మిల్లు పంటతో లేచి పంటతో పడుకుంటుంది. పత్తి వచ్చే చలికాలంలో రాత్రీపగలూ తిరుగుతుంది, ఎండలు ముదిరేసరికి బెల్టులు విప్పేస్తారు. కూలీలు సీజను మనుషులు, వచ్చే ఏడు వాళ్లే వస్తారన్న నమ్మకం లేదు. ఏడాది పొడవునా ఒకే పదిమందిని కలిపి ఉంచలేని చోట జట్టు నిలవదు. ఎమ్మిగనూరు కథ వేరు. అక్కడ 1938లో మాచాని సోమప్ప నాయకత్వంలో చేనేత సహకార సంఘం ఏర్పడింది. పద్మ పురస్కారాలు మొదలైన 1954లోనే ఆయనకు పద్మశ్రీ వచ్చిందంటే ఆ సంఘం పేరు ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. సభ్యులు, వాటాధనం, ఎన్నికైన పాలకవర్గం, సొంత పేరున్న సరుకు: యూరప్ వాళ్లు ఆటల క్లబ్బు అని దేన్ని పిలుస్తారో దాని ఎముకలన్నీ ఇందులో ఉన్నాయి. అయినా చేనేత సంఘం ఆటల జట్టుకు తల్లి కావడం సులువు కాదు. మగ్గం ఇంట్లో ఉంటుంది. గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతగాడికి షిఫ్టు గంట మోగదు. నేసిన గజాలకు కూలి కనుక సాయంత్రం రెండు గంటల ఆట అంటే అంత బట్ట నష్టం. ఇంటి ఆడవాళ్లు కండెలు చుడతారు, ఆసు పోస్తారు, వాళ్ల పనికి గంటలూ లేవు, చాలాకాలం లెక్కా లేదు. నూలు మిల్లులాగా నేత కూడా ఒకే కప్పు కిందికి మనుషులను చేర్చి, ఆరు కొట్టగానే వదిలిపెట్టే పని అయివుంటే ఎమ్మిగనూరు కథ ఇంకోలా ఉండేదేమో.

నెల జీతం, ఆరు కొట్టగానే సెలవు, సొంత జాగా, ఈ మూడూ ఉన్నది సర్కారు కొలువుల్లో. రైల్వే, పోలీసు, సైన్యం, విద్యాశాఖ. ఆదోనికి గుంతకల్లు రైల్వే డివిజన్ కేంద్రం దగ్గరే. రైల్వేల్లో ఆటలకంటూ ఒక బోర్డు 1928 నుంచే ఉంది. మన దేశపు బాస్కెట్‌బాల్‌లో పురుషుల విభాగంలో సైనిక దళాల సర్వీసెస్ జట్టు దశాబ్దాల తరబడి ఏలితే, మహిళల విభాగంలో రైల్వే జట్టు చాంపియన్‌షిప్‌ను ఇంటి సొత్తు చేసుకుంది. ఇవి జీతగాళ్ల జట్లు, వీటిని క్లబ్బులంటే ఎలా, క్లబ్బు అంటే ఊరివాళ్లు చందాలతో పెట్టుకొనేది కదా అని కొందరి పట్టు. నాకు ఆ విభజన మీద నమ్మకం లేదు. లాత్వియా రాజధాని రీగా సంగతి చూడండి. యూరప్ చాంపియన్స్ కప్ మొదలైన 1958 నుంచి వరసగా మూడేళ్లు పురుషుల టైటిల్ గెలిచింది రీగా ఏఎస్‌కే, అది సైనిక క్రీడా క్లబ్బు. మహిళల కప్‌ను 1960కీ 1982కీ మధ్య 18 సార్లు ఎత్తుకుపోయింది రీగా టీటీటీ. ఆ మూడు అక్షరాలకు అర్థం ట్రామ్, ట్రాలీబస్సుల సంస్థ. మన ఆర్టీసీ డిపో లాంటిదన్నమాట! రెండు మీటర్లు దాటిన పొడగరి ఉలియానా సెమ్యోనోవా ఆడింది ఆ జట్టుకే. మగవాళ్లకు సైన్యం, ఆడవాళ్లకు బస్సుల కంపెనీ. మనకు సర్వీసెస్, రైల్వే. భిలాయిలో ఉక్కు కర్మాగారం నీడన ఎదిగిన అమ్మాయిలు ఛత్తీస్‌గఢ్‌కు జాతీయ పతకాలు తెచ్చిందీ ఇదే పద్ధతిలో. ఎక్కడ చూసినా జీతం చీటీ ఇచ్చే చేయే గచ్చు పోయించింది. చందాల క్లబ్బు ఆ తర్వాత, ఆ గచ్చు మీద, ఆ జీతగాళ్లు రిటైరై ఊళ్లో స్థిరపడ్డాక పుడుతుంది.

ఆడవాళ్ల జట్టు విషయంలో ఈ గచ్చు వాదం తల్లకిందులుగా పనిచేస్తుంది. బాస్కెట్‌బాల్‌ను ఊరికి దూరం చేసిన ప్రహరీగోడే అమ్మాయిలకు దాన్ని దగ్గర చేసింది. ఆట పుట్టిన కొద్ది నెలలకే, 1892లో, అమెరికాలోనే స్మిత్ మహిళా కళాశాలలో సెండా బెరెన్సన్ దాన్ని తన విద్యార్థినులకు నేర్పింది. 1893 మార్చిలో అక్కడ జరిగిన తొలి పోటీకి మగవాళ్లను రానివ్వలేదు. కోర్టును మూడు భాగాలు చేసి ఎవరి భాగంలో వాళ్లే ఆడాలని, ఎదుటివాళ్ల చేతిలో బంతి లాక్కోకూడదని ఆమె నియమం పెట్టింది. ఆడపిల్ల అలసిపోకూడదు, రుసరుసలాడకూడదు. ఆ నియమాలు నేడు చదివితే నవ్వొస్తుంది కానీ, అలా గోడ చాటున మొదలవ్వకపోతే ఆ కాలంలో ఆడపిల్లల చేతికి బంతి వచ్చేదే కాదు. ఒలింపిక్స్‌లో పురుషుల బాస్కెట్‌బాల్ 1936లో చేరితే మహిళలది 1976లో చేరింది, మధ్య నలభై ఏళ్లు. మన దగ్గర వాలీబాల్ వల కట్టేది రచ్చబండ పక్కన, బస్టాండు వెనక. అక్కడికి అమ్మాయి పొట్టి నిక్కరుతో రావడం మొన్నమొన్నటి దాకా ఊహకందని మాట. బాస్కెట్‌బాల్ గచ్చు ఉండేది బడిలో, కళాశాలలో, హాస్టల్లో, గోడ లోపల. బయటి చూపు పడని చోట అమ్మాయి ఎగరడానికి ఇంట్లో అంత అభ్యంతరం రాదు. ఊరందరి ఆట కాలేకపోవడం వల్లే ఇది ఆడపిల్లల ఆట కూడా కాగలిగింది.

దీన్ని మరీ అందంగా చెప్పుకోవడమూ తప్పే. గోడ లోపల ఉన్నంత కాలమే ఆట. పదో తరగతి అయి, లేదా ఇంటరు అయి, గేటు బయటికి వచ్చాక ఆ అమ్మాయికి ఆడే చోటు లేదు. అబ్బాయి కనీసం సాయంత్రం గోడ దూకి లోపలికి పోగలడు! అందుకే మన మహిళా జట్లు పదిహేడేళ్లకే ముగిసిపోతాయి, రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం దొరికిన కొద్దిమంది తప్ప. గోడ లోపలి సమానత్వం కూడా అంతంతమాత్రమే. పురుషులది ఏడో నంబరు బంతి, మహిళలది ఆరో నంబరు, చుట్టుకొలతలోనూ బరువులోనూ తక్కువ. బడికి ఒక్క బంతే కొనే డబ్బుంటే కొనేది ఏడో నంబరే. దాంతో నేర్చుకున్న అమ్మాయి పోటీకి వెళ్లి తన బంతిని తొలిసారి ముట్టుకుంటే అది చేతిలో తేలిపోతుంది, విసిరితే బోర్డు దాటిపోతుంది. అయిదారు వందల గ్రాముల వస్తువులో ఇంత వివక్ష ఇమిడి ఉంటుందని బంతుల బిల్లు మీద సంతకం పెట్టినవాళ్లకు తోచి ఉండదు.

గచ్చు, గోడ అంటూ నేను నిర్మాణాల వెంట పడి మనుషుల కదలికను మరిచిపోయానని ఎవరైనా అంటే అది సరైన విమర్శ. పడమటి కర్నూలుకు సుగ్గి అనే మాట కొత్త కాదు. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పంట అయ్యీ కాకముందే కుటుంబాలు మూటాముల్లె సర్దుకొని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, తెలంగాణలో పత్తి తీయడానికి లారీలెక్కుతాయి. పెద్దవాళ్లతోపాటు పిల్లలూ పోతారు, ముఖ్యంగా చంటివాణ్ని చూసుకోవడానికి పెద్దమ్మాయి తప్పకుండా పోతుంది. రాష్ట్రంలో అక్షరాస్యత అడుగున ఉన్న మండలాల పేర్లు చదివితే కోసిగి పేరు వినబడుతూనే ఉండడానికి కారణం అదే. అయిదుగురుంటేనే జట్టు, పదిమంది ఉంటేనే సాధన. సీజను మధ్యలో ముగ్గురు లారీ ఎక్కితే మిగిలిన ఇద్దరూ కలిసి ఏం ఆడతారు? గచ్చు ఎంత నున్నగా ఉంటే మాత్రం ఏం లాభం? ఈ విమర్శ నా వాదాన్ని కూలదోయదు కానీ సవరిస్తుంది. గచ్చు ఉంటే చాలదు, దాని పక్కన పడకలు కూడా ఉండాలి. ఆడపిల్లల చదువు వెనకబడ్డ మండలాల కోసం 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల వంటి ఆశ్రమ పాఠశాలలకు ఈ ప్రాంతంలో ఇంత విలువ రావడం అందుకే. అమ్మానాన్నలు గుంటూరులో ఉన్నా అమ్మాయి ఇక్కడే ఉంటుంది, సాయంత్రం అయిదుకు గ్రౌండులో ఉంటుంది. సుగ్గి నేల మీద ఏ ఆటలోనైనా అమ్మాయిల జట్టు నిలవాలంటే హాస్టలు వార్డెను కోచ్ కంటే ముఖ్యమైన మనిషి.

పంజాబ్‌లో బల్లో కే అనే పల్లె నుంచి వచ్చిన సత్నాం సింగ్ 2015లో అమెరికా ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఎంపికైన తొలి భారతీయుడయ్యాడు, రైతుబిడ్డే కదా, పొలాల్లోంచే వచ్చాడు కదా అనేవాళ్లుంటారు. ఆ కుర్రవాడి ఆట పొలంలో పెరగలేదు. పొడుగు పల్లె ఇచ్చింది, ఆట లుధియానా అకాడమీ ఇచ్చింది, అక్కడ గచ్చూ ఉంది పడకా ఉంది.

ఇలాంటి క్లబ్బును ‘ప్రాంతీయ’ క్లబ్బు అనడంలోనూ ఒక చిక్కుంది. ఆదోనిలో క్లబ్బు ఉంటే అది ఏ ప్రాంతపు క్లబ్బు? 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లావి. ఆ రోజుతో ఆదోని, ఆలూరు కర్నూలుకూ, రాయదుర్గం అనంతపురానికీ వచ్చాయి, బళ్లారి మైసూరు రాష్ట్రానికి పోయింది. ఆదోని నుంచి బళ్లారి దగ్గర, కర్నూలు దూరం. పెళ్లి సంబంధాలు, పత్తి బేరాలు, రెండు భాషల మాటలు ఏవీ ఆ గీతను లెక్కచేయలేదు. ఆటల అసోసియేషన్లు మాత్రం జిల్లా గీతలనూ రాష్ట్ర గీతలనూ తు.చ. తప్పకుండా పాటిస్తాయి. జిల్లా పోటీకి పోవాలంటే అంతకు ముందు బళ్లారి వైపు చూసే జట్టు ఇక కర్నూలుకు వంద కిలోమీటర్లు పోవాలి. పక్కనున్న పోటీజట్టు రాత్రికిరాత్రి పరాయి రాష్ట్రపు జట్టయింది, దానితో స్నేహపూర్వకంగా ఆడొచ్చు కానీ ఆ గెలుపు ఏ పట్టికలోకీ ఎక్కదు. ఎమ్మిగనూరుకైతే రైలే లేదు, జట్టు ఎటు పోవాలన్నా బస్సే. ఆడే సత్తా ఎదుటి జట్టును బట్టి పెరుగుతుంది. మంచి కోర్టులూ మంచి జట్లూ ఉన్న కన్నడ దేశం వైపు తలుపు మూసుకుపోవడం ఈ ప్రాంతపు ఆటకు ఎంత నష్టమో రాష్ట్రాల పునర్విభజన మీద రాసినవాళ్లెవరూ పట్టించుకోరు. పట్టించుకోనక్కర్లేదని కూడా వాళ్లు అనవచ్చు, భాషల ముందు బంతాట ఎంత!

ఇప్పుడు ఆటే కాస్త చిన్నదైంది. ముగ్గురేసి మనుషులు, ఒకటే బుట్ట, పది నిమిషాల ఆట. ఈ మూడు-మూడు పద్ధతి 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో పురుషులకూ మహిళలకూ ఒకేసారి ప్రవేశించింది, ఈసారి ఆడవాళ్లు నలభై ఏళ్లు ఆగాల్సిన పని లేకపోయింది. కావలసింది 15 మీటర్లు, 11 మీటర్ల నేల, 165 చదరపు మీటర్లు, పెద్ద కోర్టులో సగం కూడా కాదు. సుగ్గికి ఇద్దరు పోయినా మిగిలినవాళ్లతో జట్టు నిలుస్తుంది. అంత గచ్చు ఈ ఊళ్లలో ఎక్కడుందా అని చూస్తే కంటికి ముందు ఆనేవి మార్కెట్ యార్డుల్లోని సిమెంటు అరుగులు. లోడు లారీల చక్రాలకూ, పత్తి కుప్పలకూ, బుడ్డల రాశులకూ తట్టుకోవాలని నల్లమన్ను తవ్వి, గరుసు దట్టించి పోసిన గచ్చు అది. బంతి ఎగరనివ్వని రేగడి పండించిన పత్తే దానికి డబ్బు కట్టింది. పంట నెలల్లో అక్కడ మనిషి నిలబడే చోటుండదు. చైత్రం దాటి వేలాలు పలచబడ్డాక తొలకరి దాకా ఆ అరుగుల మీద కుక్కలు పడుకుంటాయి, సెలవులకు ఇళ్లకు వచ్చిన పిల్లలు చుట్టుపక్కల సందుల్లో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుకుంటుంటారు. యార్డు గేటు సాయంత్రం ఆరుకు మూస్తారు.